హజ్రత్ మూల మడిచిన తేదీ

మా వీధి హజ్రత్ పోయారు. పొద్దున నేను గడ్డం గీసుకుంటుంటే మసీదు మైకు పలికింది. నమాజు వేళ కాని వేళలో మైకు పలికితే అది చావు కబురేనని మా వీధిలో అందరికీ తెలుసు. ముందు అరబ్బీలో నాలుగు మాటలు వినిపించాయి. తర్వాత తమిళంలో "మన మసీదులో నలభై ఏళ్ళకు పైగా..." అని మొదలైంది. అంతవరకే విన్నాను. సగం గడ్డానికి నురగతో అలాగే నిలబడిపోయాను. మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి నా చేతిలోని రేజరు తీసుకుంది.

ఆయన మా పక్కింటాయన. రెండిళ్ళకూ నడుమ గోడ ఒకటే. ఇరవై రెండేళ్ళు ఆ గోడకు అటూ ఇటూ బతికాం. చివరి నలభై ఒక్క రోజులు మాత్రం నేను ఆయనతో మాట్లాడలేదు. ఈ సంగతి మీకు ముందే చెప్పేస్తున్నాను. పోయినవాళ్ళ గురించి రాస్తూ మన మంచితనాన్ని కూడా నాలుగు ముక్కలు కలిపి రాసుకోవడం లోకంలో అలవాటు. నాకు ఆ వీలు లేదు.

నేను తమిళనాడులోని రాజపాళయంలో ఒక నూలు మిల్లులో లేబర్ ఆఫీసర్ని. పనివాళ్ళ మీద ఫిర్యాదు వస్తే విచారించి, హెచ్చరికతో వదలాలా, సస్పెండ్ చేయాలా, ఇంటికి పంపేయాలా అని రాసే పని నాది. పుట్టింది సేత్తూరులో, వ్యవసాయం చేసుకునే ఇంట్లో. కోపం మా ఇంట్లో వంశపారంపర్యం. మా నాన్నకు నీళ్ళ వంతు తప్పితే వచ్చేది, నాకు ఎదురు మాట వింటే వస్తుంది.

హజ్రత్ మసీదులో నమాజు చేయించేవారు, దాని పక్కనున్న చిన్న అరబ్బీ పాఠశాలలో షరియత్ చట్టం చెప్పేవారు. పెరిగింది సత్రపట్టిలో, మగ్గాలు నేసే తెలుగువాళ్ళ ఇళ్ళ మధ్య. అందుకని ఇంట్లో తమిళం, పాఠంలో అరబ్బీ అయినా నాతో మాత్రం మా తెలుగే మాట్లాడేవారు. సాయంత్రం అసర్ నమాజు అయ్యాక వాళ్ళ అరుగు మీద ఇద్దరం టీ తాగేవాళ్ళం. ఆయన మా ఇంటికి రావాలంటే మాత్రం ఒక ఇబ్బంది ఉండేది. నేను పెంచేది మా రాజపాళయం జాతి కుక్క, తెల్లటిది, నడుమెత్తు ఉంటుంది. దాని నోరు బట్టలకు తగిలితే ఆయన అవి ఉతుక్కుంటే గానీ నమాజుకు పనికిరావు. అందుకని గేటు అవతలే నిలబడి, తమ్ముడిని పిలిచినట్టు తంబి అని పిలుస్తూ అరిచేవారు.

"తంబి, కుక్కను కట్టేసినావా?"

"కట్టేసినాను, రాండి" అంటేనే గడియ తీసేవారు. ఒకసారి కట్టకుండానే కట్టేశానని చెప్పాను. ఆయన లుంగీ ఎగగట్టి వీధి చివరిదాకా పరుగెత్తారు. కుక్క అదేదో ఆట అనుకుని వెంటపడింది. రొప్పుతూ, నవ్వుతూ, "నీ కుక్క మేలు తంబి, నువ్వే నమ్మరానోడివి" అన్నారు.

పాఠశాలలో చేరిన ఏడాది కమిటీవాళ్ళు ఆయన చేతికి ఒక బెత్తం ఇచ్చారట. ఆయన దాన్ని తెచ్చి పెరట్లో చిక్కుడు పాదుకు ఊతంగా పాతారు. ఏటా చిక్కుడు కాయలు కోసి గోడ మీదుగా మా ఆవిడకు అందిస్తూ, "బెత్తం భయానికే ఇంత కాస్తా ఉండాది" అనేవారు.

ఆయన అన్నిటికంటే శ్రద్ధగా చెప్పే పాఠం ఒకటుంది. దాన్ని తాజీర్ అంటారు. నాకు అర్థమైనంతలో చెబుతాను. వాళ్ళ చట్టంలో కొన్ని నేరాలకు శిక్ష ఇంత అని తేల్చి ఉంటుంది. మిగిలిన తప్పులకు, అంటే మనుషులు రోజూ చేసేవాటిలో చాలావాటికి, శిక్ష ఏమిటో రాసి ఉండదు. ఖాజీ తప్పును చూసి, మనిషిని చూసి తేల్చాలి. ఒక చూపు చాలొచ్చు, ఒక మాట చాలొచ్చు. కొన్నాళ్ళు ఎవరూ మాట్లాడకుండా ఉంచడం కావచ్చు, చెరలో పెట్టడం కావచ్చు, దెబ్బలు కూడా కావచ్చు. అయితే తేల్చి చెప్పిన శిక్షల హద్దును ఇది చేరకూడదని చాలామంది పండితుల మాట. అన్నిటికీ ముందు, కోపంలో ఉన్నవాడు తీర్పు చెప్పనే కూడదు.

"మన దేశంలో ఇది నడవదు గదా హజ్రత్, శిక్ష వేసేది సర్కారు కోర్టు. మరి ఎందుకు చెప్తారు?" అని ఒకసారి అడిగాను.

"ఆమా, నడవదు. నా దగ్గర చదివినోళ్ళల్లో శిక్ష వేసే కుర్చీలో ఒక్కడు గూడా కూర్చోలేదు, కూర్చోడు. అయినా తంబి, పెండ్లాం మీద, పిల్లోళ్ళ మీద, పనోళ్ళ మీద దినమూ తీర్పు చెప్తానే ఉంటారే. దానికోసం చెప్తాను."

ఆ మాట అంటూ ఆయన నా వైపు చూశారు. ఎవరి గురించో అంటున్నారులే అనుకుని నేను ఇంకో గుక్క టీ తాగాను.

ఇంకోనాడు ఆయనే చెప్పారు, పాత పండితులు కొందరు ఈ శిక్షకు నాలుగు మెట్లు కట్టారని. పెద్ద చదువున్నవాళ్ళకు కబురు పంపితే చాలట. దొరలను కచేరీ గుమ్మం దాకా పిలిపించాలట. అంగడి జనానికైతే చెర, అందరికంటే కింది వాళ్ళకు దెబ్బలు కూడానట. నాకు ఒళ్ళు మండింది.

"అక్కడ గూడా అంతేనా హజ్రత్? పెద్దమనిషికి మాట, పేదోడికి దెబ్బా?"

ఆయన సమర్థించుకోలేదు. "ఆ పేజీ వచ్చినప్పుడు నేనూ తల దించుకునే చదువుతాను తంబి. దాంట్లో నేను తీసుకునేది ఒక్కటే. మాటతో మారేవాళ్ళకు మాటకంటే ఎక్కువ ఇస్తే, ఆ ఎక్కువ వాళ్ళకోసం కాదు, మన కోపంకోసం."

వాళ్ళ ముందు గదిలో గోడకు రోజుకో కాగితం చింపే క్యాలెండర్ ఉండేది. అప్పుడప్పుడు అందులో ఏదో ఒక తేదీ కాగితం మూల మడిచి ఉండేది. ఎందుకని అడిగితే "ఆ దినం ఒకరిని పిలుచుకు రావాల" అనేవారు. మసీదు కింద ఉండే ఇళ్ళవాళ్ళందరి జమాత్‌లో ఎవరైనా తగాదాలో తప్పు చేస్తే కొన్నాళ్ళు దూరం పెట్టడం ఉంది. దాన్ని తమిళంలో ఊరు విలక్కు, అంటే వెలి, అంటారు. అది ముగిసే రోజున హజ్రత్ తానే ఆ మనిషి ఇంటికి వెళ్ళి, చెయ్యి పట్టుకుని మసీదుకు తెచ్చి, నమాజులో మొదటి వరసలో తన వెనకనే నిలబెట్టేవారు. మూల మడత ఎందుకో అంతవరకు తెలుసు. ఆ అలవాటు ఎక్కడ మొదలైందో తెలియదు. తెలిసిన రోజే మా మాటలు ఆగిపోయాయి.

గురువమ్మ మా మిల్లులో కోన్ వైండింగ్‌లో పనిచేస్తుంది. సత్రపట్టి నుంచి బస్సులో వస్తుంది. మాలాగే తెలుగు ఇంటి మనిషి. నూలు చుట్టే కాగితపు కోన్‌లకు, నూలు ఎంత సన్నమో చెప్పే ఒక్కో నంబరుకు ఒక్కో రంగు మొన ఉంటుంది. నలభైకి పచ్చ, అరవైకి ఎరుపు. ఒకరోజు షిఫ్టులో ఎర్ర కోన్‌లు అయిపోయాయి. అరవై నూలును ఉన్న పచ్చవాటి మీదే చుట్టమని సూపర్వైజర్ చెప్పాడు. ఆమె కలిసిపోకుండా ప్రతి కోన్ లోపల చాక్‌పీసుతో గీత గీసింది. ఆ కోన్‌లు నూలుకు తేమ పట్టించే ఆవిరి గదిలోకి వెళ్ళాయి. గీతలు పోయాయి. అరవై నంబరు నూలు నలభైలో కలిసి బయటికి పోయింది. కొన్నవాళ్ళ బట్టంతా చారలు పడి, వాళ్ళు ఫోన్ చేసి నన్ను నోటికి వచ్చినట్టు తిట్టారు.

ఆ తిట్లు చెవుల్లో ఉండగానే ఆమెను పిలిపించాను. సూపర్వైజర్ తనకేమీ తెలియదన్నాడు. ఆమె అతని వైపు ఒకసారి చూసి, అతన్ని పట్టివ్వకుండా తన సంగతి మాత్రమే చెప్పింది.

"గీత పెట్టినాను సార్. ఆవిరికి పోతాదని నాకెట్ట తెలుసు? మీరు ఒక్క తూరి మిషన్ కాడ నిలబడి చూడండి, అప్పుడు తెలుస్తాది."

అందరి ముందూ అంది. తప్పు కంటే ఆ మాట నన్ను ఎక్కువ పొడిచింది. విచారణ పెండింగ్ అని, తదుపరి ఉత్తర్వులు వచ్చేదాకా సస్పెన్షన్ అని రాసి సంతకం పెట్టాను. ఎన్నాళ్ళో రాయలేదు. విచారణ తేదీ కూడా వేయలేదు.

తర్వాతి వారం ఆమె మూడు రోజులు మా ఇంటి ఎదుట వీధి అవతల వచ్చి నిలబడింది. నేను స్కూటర్ మీద ఆమె ముందు నుంచే వెళ్ళాను. మూడో రోజు సాయంత్రం తిరిగి వచ్చేసరికి ఆమె వీధి అవతల అదే చోట, హజ్రత్ ఇంట్లోంచి వచ్చిన కుర్చీలో కూర్చుని ఉంది. నన్ను చూసి లేచి ఏదో అనబోయింది. నేను గేటు వేసుకున్నాను. ఆమె వెళ్ళిపోయాక హజ్రత్ అరుగు మీదికి పిలిచారు. టీ వచ్చింది.

"ఎన్నాళ్ళు తంబి?"

"చూస్తాం."

"చూస్తాం అనేది దినాల లెక్క కాదే. నెలా? రెండు నెలలా?"

"ఆమె పొగరు దిగాల గదా."

అప్పుడు ఆయన ఒక సంగతి చెప్పారు, అది భార్యకు తప్ప ఎవరికీ చెప్పలేదని నాకు తర్వాత తెలిసింది. హజ్రత్‌గా వచ్చిన కొత్తలో, ముప్పై కూడా నిండని రోజుల్లో, బ్యాండేజ్ గుడ్డ అమ్ముకునే ఒకాయన ఒక తగాదాలో అబద్ధపు సాక్ష్యం చెప్పాడట. ఊరు విలక్కు పెడదామని జమాత్ పెద్దలు అంటే, పుస్తకం చదివిన ఉత్సాహంలో ఈయన సరే అన్నారట.

"ప్రవక్త కాలంలో గూడా ముగ్గురితో ఎవరూ మాట్లాడకుండా ఉంచినారు. దానికి యాభై దినాలకు ముగింపు వచ్చింది. నేను ముగింపే చెప్పలేదు తంబి, మరిచినాను. ఆయన ప్రతి శుక్రవారమూ వచ్చి గేటు బయట, చెప్పులు విడిచే కాడ నిలబడేవాడు. వచ్చి అడిగితే పిలుస్తామని నేను. పిలిస్తే వస్తామని ఆయన. జమాత్‌వాళ్ళేమో హజ్రత్ చెప్పాల గదా అని. ఏడాదిన్నర పోయింది. ఒక శుక్రవారం లోపలికి వచ్చినాడు. నలుగురి భుజాల మీద వచ్చినాడు."

ఆ తర్వాతే కాగితం మూల మడవడం మొదలుపెట్టానంటూ ఆయన కళ్ళు తుడుచుకున్నారు. "ఆమెకు ఒక దినం చెప్పు తంబి. ఏ దినమైనా సరే."

ఇక్కడ నేనన్న మాట రాయకుండా దాటేయాలని రెండు రోజులు చూశాను. రాయకపోతే ఇదంతా రాయడం దండగ. అప్పుడు నాకు కనిపించింది ఒక్కటే, ఈయన ఆ కథలో తప్పు చేసిన తన పక్కనే నన్నూ నిలబెడుతున్నాడని. "ఒక మనిషిని చంపుకున్నోళ్ళు నాకు పాఠం చెప్పొద్దు హజ్రత్" అన్నాను.

ఆయన గ్లాసు కింద పెట్టారు. "సరి తంబి" అని లోపలికి వెళ్ళిపోయారు.

ఆ మాట అన్న మూడో రోజు సాయంత్రం మా గేటు దగ్గర గొంతు వినిపించింది. "తంబి, కుక్కను కట్టేసినావా?" కుక్క కట్టేసే ఉంది. ఆ గొంతు గుర్తుపట్టి తోక ఊపుతోంది కూడా. నేను లోపలి గదిలో ఉండి, లేనని చెప్పమని మా ఆవిడకు సైగ చేశాను. ఆవిడ చెప్పింది. ఆయన నా స్కూటర్ గుమ్మంలోనే ఉండడం చూసి ఉంటారు. "వస్తే నేను వచ్చిపోయినానని చెప్పమ్మా" అని వెళ్ళారు. మనిషితో మూడు రోజులకు మించి మాట మానకూడదని వాళ్ళ మతంలో ఉంది. ఆయన ఆ లెక్క తప్పలేదు.

నా కోపం రెండు రోజుల్లోనే పోయింది. మిగిలింది సిగ్గు. అంత మాట అన్నాక ఏ ముఖం పెట్టుకుని వెళ్ళను? సిగ్గు బయటికి కనబడకుండా కోపంగా ఉన్నట్టే తిరిగాను. గురువమ్మ ఫైలు కూడా నా బల్ల మీద అలాగే ఉండిపోయింది. దాన్ని తీస్తే ఆయన గెలిచినట్టవుతుందని అనుకున్నాను, నవ్వకండి. తర్వాత ఆయనను గుండె నొప్పికని మధురై తీసుకువెళ్ళారు, తెచ్చారు. "ఇదో, గోడ పక్కనే గదా, పోయి చూసి రాండి" అని మా ఆవిడ రోజూ పోరింది. రేపు రేపు అన్నాను. చేతులు కాలాక ఆకులు పట్టుకున్న సామెత నాలాంటి వాళ్ళను చూసే పుట్టి ఉంటుంది.

ఆయన పోయిన రోజు మధ్యాహ్నం మసీదు ఆవరణలో ఒక పక్కగా నిలబడ్డాను. నమాజుకు ముందు వాళ్ళ అబ్బాయి జనం వైపు తిరిగి, "మా అత్తా ఎవరి మనసైనా నొప్పించి ఉంటే, దయచేసి మన్నించండి" అని తమిళంలో అడిగాడు. అత్తా అంటే వాళ్ళలో నాన్న. అందరూ మన్నించాం, మన్నించాం అన్నారు. ఎవరు ఎవరిని మన్నించాలి? నాకు ఆ మాట అడిగే చోటు ఇక లేదు. గుంటలో మూడు పిడికిళ్ళ మట్టి వేసి వచ్చాను.

మరునాడు సాయంత్రం మా ఆవిడ వాళ్ళింట్లో ఆడవాళ్ళను పలకరించి వచ్చి, నా పక్కన కూర్చుంది.

"క్యాలెండర్‌లో ఒక కాగితం మూల మడిచి ఉండాది. జమాత్‌లో ఇప్పుడు ఎవరినీ దూరం పెట్టలేదంట. ఎవరికోసం అని హజ్రత్ పెండ్లాన్ని అడిగినాను." ఆవిడ నా చేతి మీద చెయ్యి వేసింది. "మీకోసమేనంట. మీరు తలుపు తీయని దినం ఇంటికి పోయి మడిచినారంట. ‘తంబి గూడా నామాదిరే ముగింపు చెప్పడం మరిచినాడు. మాట మానిన దినం నుంచి నేను యాభై దినాలు ఇస్తాను. ఆ దినం నేనే పోయి చెయ్యి పట్టుకుని అరుగు మీదికి పిలుచుకు వస్తాను’ అన్నారంట."

ఇంకా ఎనిమిది రోజులు ఉన్నాయి ఆ తేదీకి. నేను పెట్టని గడువు ఆయన పెట్టారు. మా ఆవిడ ముందు నేను ఎప్పుడూ ఏడవలేదు. ఆ సాయంత్రం ఏడ్చాను.

తెల్లవారగానే స్కూటర్ మీద సత్రపట్టి వెళ్ళాను. సస్పెన్షన్ ఎత్తేసిన ఉత్తర్వు జేబులో ఉంది. వీధంతా బ్యాండేజ్ మగ్గాల చప్పుడు. గురువమ్మ గుమ్మంలోకి వచ్చి, నన్ను చూసి కొంగు సర్దుకుంది. లోపలికి రమ్మనలేదు. ఉత్తర్వు తీసి చాపాను.

"పోస్టులో పంపినా వచ్చి ఉందునే సార్. మీరు ఎందుకు వచ్చినారు?"

"తప్పు నాది. పిలుచుకుని పోదామని వచ్చినాను."

ఆమె కాగితం తీసుకోలేదు. "ఆ టోపీ తాత చెప్పినాడా?"

"ఆయన పోయినాడమ్మా. మొన్న."

ఆమె గడప మీద కూర్చుండిపోయింది. "ఆ దినం కుర్చీ ఆయనే మోసుకొచ్చినాడు. ‘కూర్చోమ్మా, నిలబడాల్సింది నువ్వు కాదు’ అన్నాడు" అంది. తర్వాత లేచి కాగితం అందుకుంది. "వస్తాను. అయితే మీరు గూడా మిషన్ కాడికి రావాల."

వెళ్ళాను. ఇద్దరం మిల్లు పెద్ద గేటులోంచే పక్కపక్కన నడిచి వెళ్ళాం. సగం షిఫ్టు ఆమె పక్కన నిలబడ్డాను. ఆమె ఒక కోన్ లోపల గీత గీసి ఆవిరి గదికి పంపింది. తిరిగి వచ్చాక నా చేతిలో పెట్టింది. వేలు పెట్టి తడిమాను. ఏమీ లేదు. ఇకమీదట చాక్ బదులు రంగు దారం ముడి వేయాలని ఒక మాట చెప్పాను. ఆమె తల ఊపింది. మొదటి రోజే అక్కడ సరిపోయి ఉండేది ఆ ఒక్క మాట. సూపర్వైజర్‌తో ఏం మాట్లాడాలో, కోపం పూర్తిగా దిగాక మాట్లాడతాను.

మూల మడిచిన తేదీ నిన్న వచ్చింది. వాళ్ళింట్లో క్యాలెండర్ ఆయన పోయిన రోజు దగ్గరే ఆగి ఉందని, ఎవరికీ చింపడానికి చేయి రావడం లేదని మా ఆవిడ చెప్పింది. నేను సెలవు పెట్టి ఇంట్లోనే ఉన్నాను. అసర్ నమాజు పిలుపు అయింది, నమాజూ అయింది. వాళ్ళ అరుగు ఖాళీగా ఉంది. నేను లేచి కుక్కను కట్టేశాను. గేటు గడియ తీసి, రెండు రెక్కలూ బార్లా తెరిచి, గుమ్మంలో కూర్చున్నాను. వీధిలో ఎవరి అడుగుల చప్పుడైనా కుక్క చెవులు నిక్కించి గేటు వైపు చూసేది. చీకటి పడేదాకా ఇద్దరం అలాగే చూశాం.